రెండు ఊపిర్ల సేపు

మా ఆయన పోయిన చలికాలం దాటి, బడికి వేసవి సెలవులు ఇవ్వబోతున్న రోజుల్లో, బస్‌స్టాప్ వెనక గోడ మీద ఆయన పేరు కనిపించింది.

కొత్త పోస్టరు. జిగురు ఇంకా ఆరలేదు. ఒక మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. పైన పెద్ద అక్షరాలతో ‘వేసవి జాజ్ కచేరీలు, ప్రతి శనివారం సాయంత్రం’ అని ఉంది. కింద ఏ వారం ఎవరు వాయిస్తారో వరుసగా వేశారు. మొదటి శనివారానికి ఎదురుగా పియానో, డ్రమ్స్, బేస్ వాయించేవాళ్ళ పేర్లున్నాయి. వాటి కింద ఆఖరున ‘సాక్సఫోన్: నిదానం’ అని ఉంది.

నిదానం మా ఆయనకి క్లబ్బులో పెట్టిన పేరు.

బస్సు వచ్చింది. వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పాలి. జాజ్‌లో పాట నడుస్తూ ఉండగా ఒక్కొక్కరికీ ఒక వంతు వస్తుంది. ఆ వంతులో ఎవరికి తోచింది వాళ్ళు వాయించుకుంటారు. మిగతావాళ్ళు వెనక తాళం పట్టుకుని ఉంటారు. తన వంతు రాగానే అందరూ చెలరేగిపోతారు. ఈయన మాత్రం నాలుగు స్వరాలు ఊది ఆగిపోయేవారు. సాక్సఫోన్ పెదవుల దగ్గరే ఉండేది, ఊదేవారు కాదు. కళ్ళు మూసుకుని అలా నిలబడేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు పాట మర్చిపోయాడనుకుని మొహమొహాలు చూసుకునేవారు. పాతవాళ్ళు గ్లాసు కింద పెట్టడానికి కూడా భయపడేవారు, చప్పుడవుతుందని. ఇక రాదు అనుకున్నప్పుడు ఒకే ఒక్క స్వరం వచ్చేది. దాని కోసమే జనం వచ్చేవారని అంటారు. నాకు సంగీతం అంతగా తెలియదు. నేను బడిలో చరిత్ర చెబుతాను.

చలికాలంలో ఒక సాయంత్రం అలాగే ఆగారు. ఆ ఆగడం ఆగడమే. వేదిక మెట్టు మీద కూర్చుని పక్కకి ఒరిగిపోయారట. ఆ వేళ నేను ఇంట్లో జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో చదువుకుంటోంది. నేను ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తున్నాడు. “పక్కనే ఉండి పట్టుకున్నా ఏమీ చేయలేకపోయేవాళ్ళమమ్మా” అన్నాడు చాలా మెత్తగా. అంత మెత్తగా అన్నాడు కాబట్టే నేను నమ్మలేదు.

అప్పటి నుంచీ నన్ను ఒకే ప్రశ్న తొలుస్తోంది. ఆయన ఆగాక వీళ్ళు ఎంతసేపు వాయించారు? ఆగడం ఆయనకి అలవాటే కాబట్టి, అది కూడా పాటలో భాగమే అనుకుని, మనిషి ప్రాణం పోతుంటే తాళం వేస్తూ కూర్చున్నారా?

క్లబ్బు ఒకప్పటి అచ్చాఫీసు. వీధి నుంచి మెట్లు దిగి వెళ్ళాలి. మెట్లకి రెండు పక్కలా నీలం సున్నం వేసిన గోడ, తగిలితే చాలు అంటుకుంటుంది. మా ఆయన కోటు భుజం మీద ఆ నీలం ఎప్పుడూ ఉండేది. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని, గోడకి తగలకుండా దిగాను.

క్లబ్బు ఓనర్ని అందరూ బావగారు అంటారు. ఎవరికి బావో ఎవరికీ తెలియదు. గ్లాసులు తుడుస్తున్నవాడల్లా నన్ను చూసి కుర్చీ లాగాడు.

“రండి టీచరుగారూ, రండి. ఫ్యాన్ కింద కూర్చోండి. అది కాదు, ఆ ఫ్యాన్ తిరగదు, ఊరికే అందానికి. ఇటు రండి.”

“గోడ మీద ఆయన పేరు చూశాను.”

“చూశారా! అక్షరాలు కాస్త చిన్నవైపోయాయి. ప్రెస్సు వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను...”

“అక్షరాల గురించి కాదు. మనిషి లేడు కదా.”

బావగారు గ్లాసులోకి చూశాడు.

“ఎవరినైనా కొత్తగా పెట్టుకున్నారా? ఆ పేరు అతనికి తగిలించారా?”

“అయ్యో, ఎంత మాటన్నారు. ఆ పేరు ఇంకొకడికి ఎలా సరిపోతుందండీ?”

“మరి ఆ శనివారం సాక్సఫోన్ ఎవరు వాయిస్తారు?”

“మీరే వచ్చి చూడండి. నోటితో చెబితే బావుండదు. అసలు మిమ్మల్ని పిలవడానికి నేనే వద్దామనుకుంటున్నాను. ఆ పాటయ్యాక ఆయన గురించి మీరు నాలుగు మాటలు మాట్లాడితే మాకు గౌరవంగా ఉంటుంది.”

లేని మనిషి పేరు పెట్టి జనాన్ని పిలుస్తున్నారు. ఎందుకంటే చెప్పరు. పైగా గౌరవం. నేను లేచి నిలబడి, మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అడిగాను.

“ఆ రోజు ఆయన ఆగాక మీవాళ్ళు ఎంతసేపు వాయించారు?”

తుడుస్తున్న గుడ్డ ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

“రెండు ఊపిర్లు కూడా పట్టలేదమ్మా. వెంటనే ఆపేశారు.”

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఊపిర్లతో కొలవడం మా ఆయన పద్ధతి. నోటితో ఊదే వాద్యం కదా, గడియారం చూసే అలవాటే లేదు. “ఆ పాలు పొంగడానికి ఇంకా పది ఊపిర్లుంది, నువ్వు కూర్చో” అనేవారు. బస్సు దూరంలో కనిపిస్తే “పరిగెత్తకు, ఆరు ఊపిర్లకి గానీ రాదు” అనేవారు. నిజంగానే అంతకు ముందు వచ్చేది కాదు. ఆయన పోయాక మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. ఈ పెద్దమనిషి ఆయన మాటనే తీసుకుని ఆయన మీద కప్పుతున్నాడు.

బేస్ వాయించేది మా వీధి చివర దర్జీ. బడి హాలుకి కిటికీ తెరలు కుట్టించే పని నాదే కాబట్టి, ఆ వారమే అతని దగ్గరికి వెళ్ళాను. నోట్లో గుండుసూదులు పెట్టుకుని తెర అంచు మడుస్తున్నాడు. సూదుల సందులోంచే మాట్లాడతాడు. సగం మాటలు మనం పూరించుకోవాలి.

“తెరలు సోమవారానికి... అంటే శనివారం కచేరీ ఉందిగా మేడం, అందుకని సోమవారం.”

“సరే. ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఆ రోజు ఆయన ఆగాక మీరెంతసేపు వాయించారు?”

అతను సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి మెత్తకి గుచ్చాడు. నోరంతా ఖాళీ అయ్యాక, స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా చెప్పాడు.

“రెండు ఊపిర్లు కూడా పట్టలేదు మేడం. వెంటనే ఆపేశాం.”

పిల్లల జవాబు పత్రాలు దిద్దేవాళ్ళకి ఒక సంగతి తెలుసు. తెలిసి రాసిన జవాబులు ఒకలా ఉండవు. ఒకడు ముందు రాజుతో మొదలుపెడతాడు, ఒకడు యుద్ధంతో. ఒకడికి ఏళ్ళు గుర్తుంటాయి, ఇంకొకడికి గుర్రాలు. మూడు పత్రాల్లో ఒకే వాక్యం, ఒకే వరుసలో వచ్చిందంటే పక్కనుంచి చూసి రాసినట్టే. అలాంటివి దొరికినప్పుడు నేను గొడవ చేయను, పిల్లల్ని నిలబెట్టను. అందరికీ సున్నా వేసి పత్రాలు వెనక్కి ఇచ్చేస్తాను. బడిలో నాకు ఆ పేరుంది.

ఇక్కడ రెండు పత్రాలు దొరికాయి. మూడోది మా మరిది దగ్గరుంది. డ్రమ్స్ వాయించేది అతనే.

కానీ అతని కంటే ముందు అమ్మాయి దొరికింది.

కాలేజీకి సెలవులు మొదలయ్యాక అది రోజూ మధ్యాహ్నం లైబ్రరీకి అని వెళ్ళేది. కాలేజీలో మొదటి ఏడు పూర్తయింది. ఇంట్లో ఉక్కగా ఉంది, అక్కడ చల్లగా ఉంటుంది అంటే సరేనన్నాను. వాళ్ళ నాన్న పోయాక దాని మాటలు తగ్గిపోయాయి. నేను కదిపేదాన్ని కాదు. దుఃఖం ఎవరి గదిలో వాళ్ళు పెట్టుకున్నాం. భోజనం దగ్గర మాత్రం కలిసి కూర్చునేవాళ్ళం.

ఒకరోజు అది గిన్నె అందుకుంటుంటే మోచేతి దగ్గర, తెల్ల చొక్కా మీద నీలం కనిపించింది.

“లైబ్రరీ గోడలకి నీలం సున్నం ఎప్పుడు వేశారు?”

అది మోచెయ్యి చూసుకుంది. “ఏమో. ఎక్కడో తగిలి ఉంటుంది.”

“క్లబ్బుకి వెళ్ళావా?”

“లేదమ్మా. అటువైపు దారిన వచ్చాను, అంతే.”

చిన్నప్పుడు ఆదివారాలు వాళ్ళ నాన్న వెంట అక్కడికి వెళ్ళేది. ముందు బల్ల దగ్గర కూర్చునేది. అక్కడివాళ్ళు దాన్ని గడియారం అని పిలిచేవారు. వాళ్ళ నాన్న ఆగినప్పుడు ఎంతసేపు ఆగుతారో బ్యాండులో ఎవరికీ అంతు చిక్కేది కాదు. దీనికి మాత్రం తెలిసేది. వేలు గాలిలో గుండ్రంగా తిప్పితే ‘కానివ్వండి, ఇంకా ఉంది’ అని. తల ఊపితే ‘ఇదిగో వచ్చేస్తోంది’ అని. ఎప్పుడూ తప్పేది కాదని మా మరిది గొప్పగా చెప్పుకునేవాడు. పరీక్షలు దగ్గరపడ్డాక నేనే మాన్పించాను. రాత్రిళ్ళు కచేరీలు, పొగ, పగలు నిద్ర, వద్దన్నాను. అది గొడవ చేయకుండా మానేసింది.

ఇప్పుడు నాకు అబద్ధం చెప్పి వెళుతోంది. లేదా వాళ్ళు రప్పించుకుంటున్నారు. తల్లి నోరు మూయించడానికి కూతుర్ని మంచి చేసుకుంటున్నారేమో అనిపించింది. అలా అనిపించాక ఇంకేమీ ఆలోచించలేకపోయాను.

మర్నాడు దాని వెనకే బయల్దేరాను. ఎండ వీధి మీద నిప్పులు చెరుగుతోంది. అది లైబ్రరీ మలుపు దగ్గర ఆగను కూడా ఆగలేదు, సూటిగా క్లబ్బు మెట్లు దిగిపోయింది. నేను పైనే ఉండిపోయాను. వీధి మట్టానికి క్లబ్బు కిటికీ ఒకటి ఉంది, ఉక్కకి తెరిచి పెట్టారు. చెప్పు బక్కిల్ సరిచేసుకుంటున్నట్టు వంగి నిలబడ్డాను. నా వయసుకి, నా ఉద్యోగానికి తగిన పని కాదు. అయినా నిలబడ్డాను.

లోపల ఆయన పాట వాయిస్తున్నారు. నెమ్మదిగా నడిచే పాట, వంటింట్లో నాకు తెలియకుండానే నేను కూనిరాగం తీసే పాట. ముందు పియానో. తర్వాత బేస్. తర్వాత రావలసింది సాక్సఫోన్. అది రాలేదు. డ్రమ్స్ మీద కర్రలకి బదులు కుంచె రాస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది, ఎవరో చీపురుతో మెల్లగా ఊడుస్తున్నట్టు. అది కాసేపు నడిచి, తడబడి, ఠక్కున ఆగిపోయింది.

“అటు చూడకు అన్నానా?” పియానో వాయించే ఆవిడ గొంతు, అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడ జుట్టు నెరిసి ముగ్గుబుట్ట అయ్యి చాలాకాలమైంది, గొంతు మాత్రం కంచు.

“చూడకుండా ఎలా వాయించను పెద్దమ్మా?” మా మరిది. “ఇన్నేళ్ళ అలవాటు.”

“అలవాటు మార్చుకో. శనివారం జనం ముందు కూడా ఇలాగే చేస్తావా?”

“వదిన కూడా ఉంటుంది. వదినకి గానీ తెలిసిందంటే...”

“ఎవరూ చెప్పకపోతే ఆవిడకెలా తెలుస్తుంది? చెప్పం అనుకున్నాం. అయిపోయింది. మళ్ళీ మొదటి నుంచి.”

నేను నిటారుగా లేచి నిలబడ్డాను. చెప్పు బక్కిల్ చేతిలోకి ఊడి వచ్చింది.

మా మరిది ఆ శుక్రవారం సాయంత్రం వచ్చాడు. ఎప్పుడూ తలుపు దగ్గరే “వదినా, టీ” అని కేకేసేవాడు. ఈమధ్య గుమ్మంలో చెప్పులు సర్దుకుంటూ చాలాసేపు గడుపుతున్నాడు. అమ్మాయి ఇంట్లో లేదు.

“వదినా, ఒక సాయం. అన్నయ్య సాక్సఫోన్ రేపొక్కరోజు ఇస్తావా?”

“ఎవరికి?”

“ఎవరికీ కాదు. వేదిక మీద పెట్టడానికి. దాని స్టాండు ఉందిగా, దాని మీద.”

“పెట్టి?”

“పెట్టి...” నీళ్ళు నమిలాడు. “ఆ పాట వాయిస్తాం. అన్నయ్య వంతు వచ్చినప్పుడు ఎవరూ వాయించం. నేను తాళం మాత్రం వేస్తుంటాను. ఆ వంతు అన్నయ్యదే. అందుకే పోస్టర్లో పేరు.”

నేను టీ తెచ్చి ముందు పెట్టాను. అతను నా మొహం చూసి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మంచి ఆలోచనే,” అన్నాను. “ఆ రోజు కూడా అంతే చేశారుగా. ఆయన ఆగారు, నువ్వు తాళం వేస్తున్నావు.”

“వదినా!”

“ఎంతసేపు వేశావు?”

“రెండు ఊపిర్లు కూడా...”

“పట్టలేదు. వెంటనే ఆపేశాం. అంతేనా? నువ్వు డ్రమ్స్ వాయించేవాడివి. బేస్ వాయించేవాడు దర్జీ. ఆ బావగారైతే ఏదీ వాయించడు. మీరందరూ ఊపిర్లతో కొలవడం ఎప్పుడు నేర్చుకున్నారు? ఎవరు నేర్పారు మీకు ఈ వాక్యం?”

అతని మొహంలో రక్తం ఇంకిపోయింది. పట్టుబడ్డవాడి మొహం కాదది. ఎవరినో వెనక దాచుకుని తలుపుకి అడ్డం నిలబడ్డవాడి మొహం. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదు.

“అడగొద్దు వదినా,” అన్నాడు. “నన్ను తిట్టు. కొట్టు. క్లబ్బు గడప తొక్కొద్దంటే తొక్కను. అది మాత్రం అడగొద్దు.”

“సాక్సఫోన్ రేపు నేనే తెస్తాను,” అన్నాను. “నాలుగు మాటలు కూడా మాట్లాడతానని మీ బావగారికి చెప్పు.”

ఆ నాలుగు మాటలూ నేను అప్పటికే సిద్ధం చేసుకున్నాను. నాలుగు కూడా కాదు. ‘ఆయన ఆగాక వీళ్ళు ఎంతసేపు వాయించారో, ఆ రోజు ఇక్కడ ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి’. అంతే. జనం నిండిన హాల్లో, మైకు ముందు అడిగితే, ఏదో ఒక బల్ల దగ్గర ఎవరో ఒకరు నిజం చెబుతారు. ఆ తర్వాత ఈ మనుషులతో మాకు సంబంధం ఉండదు. మరిది ముఖం చూడను. అమ్మాయి ఆ మెట్లు ఇంకెప్పుడూ దిగదు.

శనివారం ఎండ ఇంకా వాలకముందే హాలు నిండిపోయింది. పై కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా వచ్చి వేదిక మీద పడుతోంది. దాని మీదుగా వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళ నీడలు కదులుతున్నాయి. సాక్సఫోన్‌ని నా చేతులతోనే స్టాండు మీద పెట్టాను. బావగారు మమ్మల్ని ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అమ్మాయి ఆ కుర్చీ చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

“వెనక కూర్చుందామా అమ్మా?”

“ఇక్కడే,” అన్నాను.

నేను పక్కనున్న మొహాలన్నీ చూస్తున్నాను. ఎవరు ఆ రోజు ఉండి ఉంటారు, ఎవరు జంకకుండా చెబుతారు అని. మూల బల్ల దగ్గరి ముసలాయన నాకు నమస్కారం పెట్టాడు. తర్వాత అమ్మాయి వైపు చూసి, జాలిగా, ఎరిగున్నవాడిలా తల ఊపాడు. అమ్మాయి చూపు తిప్పుకుంది. అది కూడా నేను అనుమానాల్లోనే కలుపుకున్నాను.

పాట మొదలైంది. పియానో పెద్దమ్మ తన వంతు తక్కువగా వాయించి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. దర్జీ తన వంతు వాయించి, తీగ మీద అరచెయ్యి ఆనించి ఆపేశాడు. ఆ తర్వాత స్టాండు మీది సాక్సఫోన్ వంతు వచ్చింది.

హాల్లో ఎవరూ కదల్లేదు. కుంచె చప్పుడు మాత్రం గుండ్రంగా తిరుగుతోంది. నా మొహం మీద చెమట జారుతున్నా తుడుచుకోలేదు. నేను మరిదినే చూస్తున్నాను, ఎంతసేపు వేస్తాడో చూద్దామని. అతను తల దించుకుని వాయిస్తున్నాడు. దించిన తలని అలాగే పట్టి ఉంచడానికి మెడ నరాలు బిగుసుకున్నాయి. ఇక పట్టలేక తల ఎత్తాడు.

అతను సాక్సఫోన్ వైపు చూడలేదు. నా వైపు చూడలేదు. మా అమ్మాయి వైపు చూశాడు.

పెద్దమ్మ కూడా అటే చూసింది. దర్జీ కూడా. ముగ్గురూ ఒకేసారి, వేళ ఎంతైందో చూసుకునేవాళ్ళు గోడ వైపు చూసినట్టు, అలవాటుగా చూసి, చూసినందుకు ఉలిక్కిపడి తలలు దించుకున్నారు.

నేను పక్కకి తిరిగాను. అమ్మాయి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. చేతులు వాటంతట అవే లేస్తాయేమో అన్నట్టు, ఒంటి బరువంతా వేసి నొక్కి పెట్టింది. పై పంటితో పెదవి కొరుకుతోంది. కళ్ళు మూసుకోలేదు. వాళ్ళ నాన్న నిలబడే చోటునే చూస్తోంది.

ఆ రోజు అది స్నేహితురాలి ఇంట్లో లేదు.

ఆయన ఆగారు. తాళం వేస్తూ మరిది భయపడి, ఎప్పటిలాగే ముందు బల్ల వైపు చూశాడు. నాకు చెప్పకుండా వచ్చి కూర్చున్న ఈ పిల్ల, వాళ్ళ నాన్న మౌనాలన్నీ తెలిసిన పిల్ల, వేలు గుండ్రంగా తిప్పింది. కానివ్వండి, ఇంకా ఉంది. వాళ్ళు కానిచ్చారు. ఎప్పుడూ తప్పని గడియారం మరి.

రెండు ఊపిర్లు. మా ఇంట్లో ఆయన తర్వాత అలా కొలిచేది ఇంకెవరు? బడికి వెళ్ళేటప్పుడు “అమ్మా, నాలుగు ఊపిర్లలో జడ వేసెయ్” అని నా ముందు కూర్చునేది ఎవరు? ఆ రోజు ఎవరో ఈ పిల్లని దగ్గరికి తీసుకుని ఎంతసేపైంది తల్లీ అని అడిగి ఉంటారు. అది ఏడుస్తూ రెండు ఊపిర్లే అనుకున్నాను అని ఉంటుంది. ఆ మాటనే వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. దాని చుట్టూ అందరూ గోడ కట్టారు. నేను వచ్చి అడిగినప్పుడల్లా ఆ గోడే చూపించారు. నా కంటికి దొంగల్లా కనిపించడానికైనా ఒప్పుకున్నారు తప్ప తలుపు తియ్యలేదు.

కుంచె చప్పుడు సన్నబడుతోంది. మరిదికి ఆపాలో కొనసాగించాలో తెలియడం లేదు. అడగడానికి వీల్లేని మనిషిని తప్ప అడగడానికి అతనికి ఎవరూ లేరు.

నేను అమ్మాయి చెయ్యి తొడ కిందనుంచి బయటికి లాగాను. అది రానివ్వలేదు. మళ్ళీ లాగాను. ఆ ఉక్కలో కూడా చల్లగా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, నా ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నాను. కుడిచెయ్యి ఎత్తి, మరిది చూసేలా, వేలు గాలిలో గుండ్రంగా తిప్పాను.

అతను నన్ను చూశాడు. అర్థమైంది. కళ్ళు మూసుకున్నాడు, వాయిస్తూనే ఉన్నాడు.

కానీ ఎప్పుడు ఆపాలో నాకు తెలియదు కదా. నాకు ఆ చెవి లేదు. ఆయనతో అంతకాలం కాపురం చేసి కూడా, ఆయన మౌనం ఎక్కడ ముగుస్తుందో ఒక్కసారి కూడా సరిగ్గా పట్టుకోలేదు. నా వేలు తిరుగుతూనే ఉంది. నేను అమ్మాయి వైపు తిరిగాను.

“ఎప్పుడు?” అన్నాను, పెదవులతోనే.

దాని కళ్ళ నిండా నీళ్ళున్నాయి. కాసేపు నన్నే చూసింది, నాకు ఎంత తెలుసో కొలుస్తున్నట్టు. తర్వాత వేదిక వైపు తిరిగి విన్నది. నాకు వినిపించనిది ఏదో విన్నది. ఒక్కసారి తల ఊపింది.

నేను వేలు దించాను. పియానో అందుకుంది.

చప్పట్లయ్యాక బావగారు మైకు నా చేతికిచ్చాడు. ముగ్గురూ తమ తమ వాద్యాల వెనక, తీర్పు కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు. దర్జీ పెదవులు బిగించాడు, సూదులు పెట్టుకున్నట్టే. నేను సిద్ధం చేసుకున్న ప్రశ్న నోటి దాకా వచ్చిందని చెప్పలేను. అది ఎక్కడికో పోయింది.

“ఆయన ఆగినప్పుడల్లా మీరందరూ ఓపిగ్గా ఉన్నారు,” అన్నాను. “మా ఇంటి తరఫున మీకు ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. మీరు చాలా మంచివాళ్ళు.”

మరిది కుంచెలు కింద పెట్టి, రుమాలు కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. పెద్దమ్మ విసుక్కుంటూ తన పైటచెంగు ఇచ్చింది.

ఇంటికి నడిచే వెళ్ళాం. ఎండ వాలింది, రోడ్డు మాత్రం ఇంకా వేడి కక్కుతోంది. సాక్సఫోన్ పెట్టె నా చేతిలో ఉంది. బస్‌స్టాప్ గోడ మీద పోస్టరు పూర్తిగా అతుక్కుపోయింది, మూల కూడా లేవడం లేదు. అక్కడికి వచ్చాక అమ్మాయి నడక తగ్గింది.

“అమ్మా, ఆ రోజు...”

“రెండు ఊపిర్లు కూడా పట్టలేదట,” అన్నాను.

“ఎవరు చెప్పారు?”

“అందరూ. బావగారు, దర్జీ, మీ బాబాయి. అక్షరం పొల్లుపోకుండా ఒకే జవాబు.”

“నువ్వు నమ్మావా?”

“మూడు పత్రాల్లో ఒకే జవాబు ఉంటే నేనేం చేస్తానో నీకు తెలుసుగా.”

“సున్నా వేస్తావు.”

పెట్టె బరువుగా ఉంది. చెయ్యి మార్చుకున్నాను.

“ఈసారి ముగ్గురికీ పూర్తి మార్కులు వేశాను,” అన్నాను.

అది నడవడం మానేసింది. వీధి మధ్యలో, ఆ పోస్టరు ఎదురుగా, రెండు చేతులతో మొహం కప్పుకుని నిలబడిపోయింది. నేను పెట్టె కింద పెట్టాను. దగ్గరికి తీసుకోలేదు, ఊరుకోమని అనలేదు. పక్కనే నిలబడ్డాను. ఎంతసేపు అలా ఆగాలో నాకు తెలియదు. దానికి తెలుసు.